ఇనులిన్ కలిపినా లాక్టోబాసిల్లస్ పెరుగుదలలో తేడా కనిపించకపోతే

ఇనులిన్ అనే మొక్కల పీచు లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా పెరుగుదలకు తోడ్పడుతుందా అని మీరు చేసిన పరీక్షలో, ఇనులిన్ ఉన్న గొట్టంలోనూ లేని గొట్టంలోనూ పెరుగుదల ఒకేలా ఉందన్నారు. దానికి కారణం చాలావరకు ఎంఆర్‌ఎస్ మాధ్యమంలో (ఈ బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవంలో) ముందే ఉన్న గ్లూకోజ్. లీటరుకు 20 గ్రాములు తేలికగా దొరుకుతుండగా బ్యాక్టీరియా పీచు జోలికి పోదు.

1. గ్లూకోజ్ లేని ఎంఆర్‌ఎస్ తయారుచేసి, ఒక భాగంలో ఇనులిన్, మరొకదానిలో గ్లూకోజ్ కలిపి, మూడోదాన్ని ఏ చక్కెరా లేకుండా ఉంచండి.
2. చాలామంది వదిలేసేది ఇదే: రాత్రంతా పెంచిన కల్చర్‌ను (బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని) నేరుగా ఈ గొట్టాల్లో వేస్తే పాత గ్లూకోజ్ కూడా దాని వెంటే వస్తుంది కనుక, సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి), అడుగున పేరుకున్న కణాలను సెలైన్‌తో రెండుసార్లు కడిగిన తరువాతే వేయండి.
3. ఇనులిన్ ద్రావణం మసకబారితే ఓడీ రీడింగును (ద్రవం మసకను బట్టి పెరుగుదలను చెప్పే కొలతను) నమ్మలేము. పీహెచ్ తగ్గుదలను, ప్లేట్ కౌంట్‌ను (ప్లేటుపై పెరిగిన బ్యాక్టీరియా గుంపుల లెక్కను) కూడా చూడండి.

అప్పటికీ పెరగకపోతే లోపం మీ పనిలో ఉండకపోవచ్చు. పొడవైన ఇనులిన్ గొలుసులను విడగొట్టే ఎంజైములు చాలా లాక్టోబాసిల్లస్ రకాలకు లేవు. ఇనులిన్ లాంటివే అయినా పొట్టి గొలుసులుండే ఫ్రక్టో-ఒలిగోశాకరైడ్లతో మళ్లీ ప్రయత్నించండి.