ఆరెంజ్ అంటే ఎంత వాన? 43 అడుగులంటే ఎవరికి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వాన, గాలి, వరద హెచ్చరికల గురించే. ఒకటి మాత్రం హనుమకొండ నుంచి రాసినా అడిగింది అమెరికా మంచు తుపాను గురించి. అలాంటి ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి కాబట్టి దానికి కొంచెం వివరంగానే జవాబిచ్చాం.

ప్రశ్న: ఆరెంజ్ అలర్ట్ అన్నరోజు ఎండ కాసింది. ఎల్లో అన్నరోజు మా గల్లీలో మోకాళ్లలోతు నీళ్లు. ఇంక ఈ రంగులు చూడటం దేనికి? (ఓ గృహిణి, హనుమకొండ)

రంగు వాన కొలత కాదు. ఆ వాన పడే అవకాశం ఎంత, పడితే నష్టం ఎంత అనే రెండు లెక్కలు కలిపి వాతావరణ శాఖ రంగు వేస్తుంది. పసుపు అంటే కబురు కనిపెట్టుకుని ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే పని మొదలుపెట్టమని.

కొలత ఉండేది పక్కనున్న మాటలో. మన పేపర్లు అన్నిటినీ కలిపి ‘భారీ వర్షాలు’ అని రాసేస్తాయి గానీ శాఖ లెక్కలో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకానే ‘భారీ’. 115.6 నుంచి 204.4 దాకా ‘అతి భారీ’. ఆపైన ‘అత్యంత భారీ’. ఇదంతా ఒక ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా కురిసిన వాన లెక్క.

తేడా వచ్చేది అక్కడే. 60 మిల్లీమీటర్లు రోజంతా ముసురులా పడితే నేల తాగేస్తుంది. అదే 60 గంటలో దంచికొడితే నయీంనగర్ నాలా వెంట ఉన్నవాళ్లకు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రోజు లెక్కలో రెండూ ఒకటే, రెండింటికీ ఎల్లోనే రావచ్చు. పైగా ఆ రంగు జిల్లా మొత్తానికి. ఒక మండలంలో కుండపోత పడుతుంటే పక్క మండలంలో బట్టలు ఆరేసుకునే రోజులూ ఉంటాయి.

అందుకే పట్నంలో ఉన్నవాళ్లు పొద్దున రంగు ఒకసారి చూసి వదిలేయకుండా, మూడేసి గంటలకు ఇచ్చే ‘నౌకాస్ట్’ (రాబోయే కొద్ది గంటల అంచనా) చూడాలి. ‘మౌసం’, ‘సచేత్’ యాప్‌లలో వస్తుంది. పిడుగులకు ‘దామిని’ వేరే ఉంది.

మిల్లీమీటర్లు కళ్లకు కట్టాలంటే ఇంటి లెక్క వేసుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే లీటరు నీళ్లు. 120 గజాల స్లాబు అంటే సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద 100 మిల్లీమీటర్లు పడితే 10 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు. అవన్నీ మీ పిట్టగోడ మూలనున్న పైపులోంచే దిగాలి. దాని నోటికి వేపాకు ఒక గుప్పెడు అడ్డం పడితే స్లాబు చెరువే. ఎల్లో వచ్చినరోజు చేయాల్సిన మొదటి పని మేడెక్కి ఆ పైపు నోట్లో చెయ్యి పెట్టి చూడటం.

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. ‘అత్యంత భారీ’ మొదలయ్యే గీతకు మూడింతల పైమాట. ఆ తెల్లవారుజామునే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది, జనం ఇళ్ల కప్పులెక్కారు. ఎరుపు పైన ఇంకో రంగు లేదు. రెడ్ వచ్చిందంటే 210 పడవచ్చు, 650 పడవచ్చు.

ప్రశ్న: ఎండకాలం గాలిదుమారానికి షెడ్డు రేకులు లేచిపోయినయి. మళ్లీ వేయించి పైన ఇసుక బస్తాలు, రాళ్లు పెట్టిన. చాలునా? (ఓ రైతు, పరకాల)

చాలదు. పైగా ప్రమాదం. గాలి రేకును కిందనుంచి తోస్తుందని అనుకుంటాం గానీ, ఎక్కువగా జరిగేది పైనుంచి లాగడం. కప్పు మీదుగా జారే గాలి రేకును పీలుస్తుంది. గాలి వచ్చే వైపు తలుపు తెరిచి ఉంటే లోపల గాలి నిండి కిందనుంచి తోపుడు కూడా తోడవుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరు మీద దాదాపు 17 కిలోల బరువంత ఒత్తిడి ఉంటుంది. పది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకుకు అది 55 కిలోలు. అర మిల్లీమీటరు రేకు తూగేది 15 కిలోలు. గాలి 80కి పోతే లాగుడు దగ్గరదగ్గర వంద కిలోలు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువ. అందుకే ఎప్పుడూ మూల రేకే ముందు లేస్తుంది, అది లేచాక పక్కది దానంతటదే లేస్తుంది. ఇక ఆ రాయి ఏమవుతుంది? కిందనున్న బర్రె మీదనో మనిషి మీదనో పడుతుంది.

లేచిపోయిన రేకును తిరగేసి చూడండి. రేకును అడ్డపైపుకు పట్టి ఉంచే జే హుక్కు చాలాసార్లు విరిగి ఉండదు. దాని చుట్టూ రేకు చిరిగి, బొక్క పెద్దదై, వాషరుతో సహా ఊడివచ్చి ఉంటుంది. కాబట్టి పాత బొక్కలోనే కొత్త హుక్కు వేయించకండి. పక్కన కొత్త బొక్క, పెద్ద వాషరు, దాని కింద రబ్బరు. హుక్కు రేకు గట్టు మీద పడాలి, గాడిలో కాదు, గాడిలో పడితే నీళ్లు కారి తుప్పు పడుతుంది. చూరు దగ్గరి అడ్డపైపుకు, కొప్పు దగ్గరి అడ్డపైపుకు ఒక గట్టు విడిచి ఒక గట్టుకు బిగించాలి. మేస్త్రీ రేకుకు మూడు హుక్కులేసి పోతానంటే ఒప్పుకోవద్దు. చూరు అడుగు కంటే బయటికి ఉంటే తగ్గించండి. అడ్డపైపు గుంజకు గట్టిగా వెల్డింగై ఉందా అన్నది కూడా చూడాలి, లేకపోతే పైపుతో సహా కప్పు లేస్తుంది.

‘ఈదురుగాలులు 40 నుంచి 50’ అన్న హెచ్చరికకు సరిగా బిగించిన రేకు నిలుస్తుంది. 60 దాటుతుందంటే ఆ పూట షెడ్డు కింద మనుషులు ఉండొద్దు, గొడ్ల తలుగు విప్పేయాలి. చెట్టు కిందికి మాత్రం తోలొద్దు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో గాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది గోదారి ఒడ్డు. టీవీలో భద్రాచలం 43 అడుగులు అనంగనే సామాన్లు సర్దుతున్నం. సరేనా? (మంగపేట నుంచి)

నీళ్లు ముందు మీ ఊరు దాటి తర్వాత భద్రాచలం చేరతాయి. అక్కడి అంకె చూసి ఇక్కడ సర్దుకోవడమంటే బస్సు పోయాక టికెట్ అడిగినట్టే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో హెచ్చరిక. ఇవి అక్కడి ఘాట్ మీద గీసిన గీతలు, ఆ పట్టణానికీ దాని దిగువకూ పనికొచ్చేవి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చాయన్నదీ ఆ గీతల లెక్కే.

మీరు చూడాల్సింది ఎగువన: కాళేశ్వరం దగ్గర మట్టం, తుపాకులగూడెం సమ్మక్క బరాజ్ నుంచి వదిలే క్యూసెక్కులు, పేరూరు మట్టం. క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారనగానే చాలామంది కంగారు పడతారు గానీ, మీ దగ్గర గోదావరిని ఉబ్బించేవి ముఖ్యంగా ప్రాణహిత, ఇంద్రావతి. శ్రీరాంసాగర్ గేట్లన్నీ దించి ఉన్నా అవి రెండూ నిండుగా వస్తే మీకు వరదే.

ఇంకో సంగతి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు జంపన్నవాగు లాంటివి అందులో కలవలేక వెనక్కి తంతాయి. అప్పుడు నీళ్లు వచ్చేది నది వైపు నుంచి కాదు, ఊరి వెనకనుంచి. ఊరు విడిచే దారి ఏ కల్వర్టు మీదుగా పోతుందో చూసుకోండి, ఇల్లు మునగడానికి చాలా ముందే ఆ కల్వర్టు మునుగుతుంది. వాగు రోడ్డు మీదికి వచ్చాక దాటే ఆలోచన వద్దు. ఆరంగుళాల పారే నీరు పెద్దమనిషిని పడేస్తుంది, అడుగు నీరు చిన్న కారును, రెండడుగులు జీపు లాంటి బండిని కూడా లాక్కుపోతాయి. ట్రాక్టరుకు పెద్ద టైర్లు ఉన్నాయన్న ధీమా వద్దు, బురదనీటి కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే టైరు ఎంత పెద్దదైనా ఒకటే. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077.

ప్రశ్న: మా బాబు బఫెలోలో ఎంఎస్ చదువుతున్నాడు. పెనుగాలి, భారీ మంచు, నది వరద అని మూడు హెచ్చరికలు ఒకేసారి వచ్చాయట. ‘ఇక్కడ మామూలే అమ్మా’ అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. (ఓ తల్లి, హనుమకొండ)

అమ్మా, ముందు ఆ హెచ్చరికలో ఏ మాట ఉందో అడగండి. ‘వాచ్’ అంటే తుపాను వచ్చే సూచనలున్నాయి, సరుకులు తెచ్చుకోమని. ‘వార్నింగ్’ అంటే వచ్చేస్తోంది లేదా వచ్చింది, బయటికి వెళ్లొద్దని. ‘అడ్వైజరీ’ అంటే ఇబ్బందే గానీ అంత తీవ్రం కాదని. ‘బ్లిజర్డ్ వార్నింగ్’ అయితే మంచు కన్నా గాలి ముఖ్యం: గంటకు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు దాటిన గాలి, పావు మైలు దూరం కూడా కనపడకపోవడం, అది కనీసం మూడు గంటలు. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. ‘శుక్రవారం సాయంత్రం 6 నుంచి’ అంటే మనకు శనివారం తెల్లవారుజామున 4.30.

బఫెలో ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. గడ్డకట్టని సరస్సు మీదుగా అతిచల్లటి గాలి వీస్తే ఆవిరి తీసుకుని ఒడ్డు మీద మంచుగా కుమ్మరిస్తుంది. అది సన్నటి పట్టీగా పడుతుంది కనుక ఒక పేటలో నడుముల్లోతు, పక్క పేటలో చీలమండ లోతు. అలవాటైన ఊరే, నిజమే. కానీ 2022 డిసెంబరు బ్లిజర్డ్‌లో ఆ ఊళ్లోనే, చుట్టుపక్కలా 40 మందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కినవాళ్లు, నడిచి బయల్దేరినవాళ్లు, హీటర్ ఆగిన ఇళ్లలో ఉన్నవాళ్లు. ‘మామూలే’ అనే మాటకు అక్కడితో సరి.

బాబుకు చెప్పాల్సినవి ఇవి. గ్యాస్ హీటరైనా దాని ఫ్యాను కరెంటుతోనే తిరుగుతుంది, కరెంటు పోతే వేడీ పోతుంది. అప్పుడు గ్యాస్ పొయ్యి వెలిగించి చలి కాచుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలనొప్పి, మగతతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే అలారం గదిలో ఉందా, బ్యాటరీ ఉందా చూసుకోవాలి. ఎవరైనా జనరేటర్ పెడితే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. హీటర్ పొగ గొట్టం పక్కగోడలోంచి బయటికి వచ్చే ఇళ్లలో దాని మూతి మంచులో పూడుకుపోతుంది, గాలి తగ్గాక తవ్వి తీయాలి.

బయటి గోడ వైపున్న కుళాయిని సన్నటి ధారగా వదిలి ఉంచాలి, సింకు కింద అరల తలుపులు తెరిచి పెట్టాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పైపు పగులుతుంది. అది బయటపడేది మంచు కరిగాక ఇల్లంతా నీళ్లైనప్పుడు.

కారులో చిక్కుకుంటే దిగి నడవకూడదు. గంటకు పది నిమిషాలే ఇంజను వేసుకోవాలి, ప్రతిసారీ ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేసి, ఒక అద్దం వేలెడంత దించి. ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోవాలి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. మూడు రోజులకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున నీళ్లు దగ్గరుండాలి. కరెంటు పోతే రైస్ కుక్కర్ పనిచేయదు గనక అటుకులు, మరమరాలు, మీరు పంపిన పల్లీపొడి అప్పుడే అక్కరకొస్తాయి.

వరద హెచ్చరిక సంగతి వేరు, అది తుపాను పోయాక వచ్చే బెడద. రెండడుగుల మంచులో నీరు స్థూలంగా 60 మిల్లీమీటర్ల వానంత. నేల గడ్డకట్టి సిమెంటులా ఉన్నప్పుడు ఒక్కసారి ఎండొచ్చి, పైన వాన కూడా పడితే, నేల చుక్క తాగదు, అంతా నదిలోకే. నది మీది మంచు పలకలు విరిగి వంతెన దగ్గర అడ్డం పడ్డాయంటే వెనక నీరు నిమిషాల్లో లేస్తుంది. బాబు ఉండేది బేస్‌మెంట్ గదా, పై అంతస్తా అన్నది ఈరోజే అడగండి. బేస్‌మెంట్ అయితే ఆ రెండు రోజులు పై అంతస్తు స్నేహితుల దగ్గర పడుకోమనండి.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. కరెంటు లేనప్పుడు గంటకోసారి వీడియో కాల్ చేయకండి. ఫోన్ చార్జింగ్ అతనికి 911 (అక్కడి అత్యవసర నంబరు) కోసం కావాలి. పొద్దున ఒక మెసేజ్, రాత్రి ఒక మెసేజ్ అని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: వరదకు బావిలో బురదనీళ్లు పడ్డయి, మోటరు మునిగింది, పత్తిచేను రెండు రోజులు నీళ్లలో ఉంది. ఏది ముందు? (నర్సంపేట నుంచి)

చేను ముందు. కాలువ తీసి నీళ్లు వెళ్లగొట్టండి. వేళ్లకు గాలాడక ఆకు వడలుతుంది, దాన్ని ఎరువు తక్కువై అనుకుని బస్తా యూరియా చల్లితే దండగే. నేల కాస్త ఆరాక 19:19:19 ఎరువు గాని, పొటాషియం నైట్రేట్ గాని లీటరుకు 10 గ్రాములు కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. వడలిపోతున్న మొక్కల మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు పోయండి.

మోటరు స్విచ్ వేసి ‘ఆడుతుందేమో’ చూడొద్దు. కరెంటు తీయించి, స్టార్టర్ డబ్బా కూడా విప్పి, మెకానిక్‌తో కాయిలు ఆరబెట్టించి, మెగ్గర్‌తో (కరెంటు లీకు కొలిచే మీటరుతో) చూపించాకే కనెక్షన్.

బావిలో బురద తోడాక బ్లీచింగ్ పొడి. కొత్త డబ్బా పొడి అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు మామూలు మోతాదు. వరద తగిలిన బావికి మొదటిసారి రెట్టింపు, 5 గ్రాములు. 3 మీటర్ల అడ్డకొలత, 4 మీటర్ల నీరు ఉంటే సుమారు 28 వేల లీటర్లు, అంటే 140 గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే వేరే బకెట్లోకి వంచి, ఆ బకెట్ బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించండి. గంట ఆగితే వాడుకోవచ్చు. తాగడానికైతే కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. పోయినేడు మూత తీసిన పొడిలో క్లోరిన్ మిగలదు. డబ్బా తెరిచినప్పుడు ముక్కుకు ఘాటు తగలకపోతే కొత్తది కొనండి.