ఫార్ములాలన్నీ వచ్చు, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగల్లేదు

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చివరి సంవత్సరం, మెయిన్ సబ్జెక్ట్ స్టాటిస్టిక్స్. బెర్నూలీ, బైనామియల్, జామెట్రిక్, పాయిజాన్, హైపర్‌జామెట్రిక్... ఈ డిస్ట్రిబ్యూషన్లు (ఏ ఫలితానికి ఎంత అవకాశమో చెప్పే నమూనాలు) అన్నిటి సగటు, వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పోయిన వారం డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ఒకటే ప్రశ్న అడిగారు. "మా వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్ళలో నూటికి ఇద్దరు కొంటారు. ఇవాళ వరసగా 50 మంది వచ్చారు, ఒక్కరూ కొనలేదు. సైట్ పాడైందనుకోవాలా? ఇంకెంతమంది వస్తే ఒకరు కొంటారు?" ఏ డిస్ట్రిబ్యూషన్ వాడాలో తేల్చుకోలేక అలాగే కూర్చుండిపోయాను. ఇదంతా వదిలేసి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటారా? నాన్నగారేమో యాక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్క్ లెక్కలు కట్టే ఉద్యోగం) పరీక్షలు రాయమంటున్నారు.

జవాబు: వదిలేయకమ్మా. (నువ్వు అనే రాస్తున్నాను, మా అమ్మాయి వయసుదానివి, ఏమీ అనుకోకు.) నీకు సబ్జెక్ట్ వచ్చు, కాకపోతే దాన్ని తలకిందులుగా చదివావు. తప్పు నీది కూడా కాదు, పుస్తకాలే అలా ఉంటాయి: ముందు పేరు, తర్వాత ఫార్ములా, చివర్లో లెక్కలు, ఆ లెక్కలు కూడా "బైనామియల్" అన్న హెడ్డింగ్ కిందే ఉంటాయి కాబట్టి ఏది వాడాలన్న సందేహమే రాదు. ఉద్యోగంలో ఆ హెడ్డింగ్ ఉండదు. ఎవరో వచ్చి "నిన్నటికంటే ఫిర్యాదులు ఎక్కువొచ్చాయి, ఏమైంది?" అంటారు, దానికి పేరు పెట్టాల్సింది నువ్వే.

నిన్ను అడిగిన ప్రశ్ననే చూద్దాం. చాలా మంచి ప్రశ్న అది, అడిగినవాళ్ళకి పని తెలుసు. ఒక మనిషి వచ్చాడు, కొన్నాడా లేదా? కొంటే 1, లేకపోతే 0. ఇది బెర్నూలీ, దీనికంటే చిన్నది లేదు. ఇలాంటివాళ్ళు 50 మంది వచ్చారు, అందులో ఎంతమంది కొన్నారు అని లెక్కపెడితే అది బైనామియల్, మన పాఠ్యపుస్తకాల ద్విపద విభాజనం. ఇక్కడ ప్రయత్నాలెన్నో ముందే ఖాయం, కొన్నవాళ్ళ సంఖ్యే మారుతుంది. ఒక్కరూ కొనకపోవడం అంటే 0.98ని 50 సార్లు గుణించడమే, 0.364 వస్తుంది. అంటే సైట్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా సరే, ఇలాంటి 50 మంది గుంపుల్లో మూడింట ఒకటికి పైగా ఉత్తచేతులతోనే పోతాయి. కాబట్టి ఈ ఒక్క ఆధారంతో సైట్ పాడైందని అనలేం. కాలిక్యులేటర్ లేదా? 50ని 0.02తో గుణించు, 1 వచ్చింది, అవకాశం చిన్నది, ప్రయత్నాలు చాలా, కాబట్టి సగటు 1 ఉన్న పాయిజాన్‌తో (దీని సంగతి కింద చెప్తా) సరిపెట్టుకో: ఒక్కరూ కొనకపోవడానికి అవకాశం ఇ (సుమారు 2.718) పవర్ మైనస్ 1, అంటే 0.368. తేడా మూడో దశాంశ స్థానంలో. ఆ గదిలో ఈ ముక్క నోటితో చెప్పుంటే వాళ్ళు పెన్ను పక్కన పెట్టేసేవాళ్ళు.

ఇక రెండో భాగం, "ఇంకెంతమంది?" ఇక్కడ లెక్క తిరగబడింది చూడు. ఇప్పుడు ఖాయమైంది కొనేవాళ్ళ సంఖ్య, ఒకరు. మారేది ప్రయత్నాల సంఖ్య. ఇది జామెట్రిక్. సగటు 1ని 0.02తో భాగిస్తే వచ్చే 50. ఇప్పటికే 50 మంది వచ్చిపోయారు కదా, ఇక ఎవరో ఒకరు కొనేస్తారులే అని మనసు లాగుతుంది, కానీ జామెట్రిక్‌కి జ్ఞాపకం లేదు, ఇక్కణ్ణుంచి కూడా సగటున ఇంకో 50 మందే. పూర్ణసంఖ్యల మీద ఉండే డిస్ట్రిబ్యూషన్లలో ఈ మతిమరుపు గుణం దీనికొక్కదానికే ఉంది. ఇంకో సంగతి, సగటు 50 అనగానే సగం సార్లు 50 లోపు, సగం సార్లు 50 పైన అనుకుంటారు చాలామంది. లెక్కేస్తే సగానికి కాస్త పైగా సార్లు మొదటి 35 మందిలోనే ఒకరు కొనేస్తారు, మిగతా సార్లు ఆగాల్సిన సంఖ్య ఎంతో దూరం సాగి సగటును పైకి లాగుతుంది. స్టాండర్డ్ డీవియేషన్ (వేరియన్స్ వర్గమూలం) 49.5, దాదాపు సగటు అంత. అంత ఊగిసలాడేదానికి "సగటున 50" అని ఒక్క సంఖ్య చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్ళని తప్పుదారి పట్టించినట్టే.

ఇక్కడొక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నా. జామెట్రిక్‌ని కొందరు మొత్తం ప్రయత్నాలుగా లెక్కపెడతారు, కొందరు గెలుపుకి ముందు వచ్చిన ఓటములుగా లెక్కపెడతారు. మొదటి దాంట్లో సగటు 50, రెండో దాంట్లో 49. పైథాన్ భాషలో లెక్కలకి వాడే సైపై లైబ్రరీది మొదటి పద్ధతి, ఆర్ భాషది రెండో పద్ధతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకదాంట్లో రాసిన లెక్కని ఇంకోదాంట్లోకి మార్చి, ప్రతి అంకె ఒకటి తక్కువ రావడం గమనించకుండా రిపోర్ట్ పంపేశాను. సగటు 50 దగ్గర ఒకటి తేడా ఎవరికీ కనపడదు, నాది సగటు 3 ఉన్న డేటా. వేరియన్స్ రెండిట్లోనూ ఒకటే ఉంటుంది కాబట్టి అది చూసి కూడా దొరకలేదు.

నువ్వు ఏ ప్రశ్న విన్నా ముందు అడగాల్సింది ఏది ఖాయం, ఏది మారుతోంది అని. ప్రయత్నాలు ఖాయమైతే బైనామియల్ వైపు, గెలుపులు ఖాయమైతే జామెట్రిక్ వైపు. ఒక గెలుపు కాకుండా ఐదు గెలుపుల దాకా ఆగాలంటే నెగటివ్ బైనామియల్, దాని సగటు, వేరియన్స్ జామెట్రిక్‌వి తీసుకొని ఐదుతో గుణిస్తే సరి, వేరే బట్టీ పట్టక్కర్లేదు. తర్వాత అడగాల్సింది, ఒక్కో ప్రయత్నానికీ అవకాశం మారుతోందా అని. 20 వస్తువుల పెట్టెలో 3 పాడైనవి ఉన్నాయనుకో, 5 తీసి చూస్తావు, తీసినవి తిరిగి వేయవు. ఒక్కటి కూడా పాడైంది తగలకపోవడానికి అవకాశమెంత? నూటికి 15 పాడైనవి కదా అని బైనామియల్ వేస్తే 0.444. కానీ ఒక మంచి వస్తువు బయటికి తీసిన ప్రతిసారీ పెట్టెలో పాడైనవాటి వాటా పెరుగుతుంది, అందుకని అసలు జవాబు 0.399, హైపర్‌జామెట్రిక్ ఇచ్చేది. ఈ తేడా చిన్నదేం కాదు, సరుకు తీసుకోవాలా తిప్పి పంపాలా అన్నది దీని మీద ఆధారపడితే. సగటు రెండిట్లోనూ ఒకటే, వేరియన్స్ మాత్రం తిరిగి వేయని పద్ధతిలో తగ్గుతుంది, ఇక్కడ 19లో 15 వంతులకి. అదే 2,000 వస్తువుల పెట్టె, 300 పాడైనవి అయితే 5 తీసినా పెట్టె పెద్దగా మారదు, బైనామియల్‌తో హాయిగా కానిచ్చేయొచ్చు. పాచికల్లాంటి సమాన అవకాశాల యూనిఫాం గురించి ప్రత్యేకంగా చెప్పేదేం లేదు, అది నీకు వచ్చు.

ప్రయత్నాలు అనేవే లేకుండా కాలమో, స్థలమో ఉంటే? గంటకి ఎన్ని కాల్స్, పేజీకి ఎన్ని అచ్చుతప్పులు, ఇలాంటివి. అక్కడ పాయిజాన్ వస్తుంది. దీని పేరు ఫ్రెంచ్ గణితవేత్త సిమియోన్ డెని పాయిజాన్ మీద పెట్టారు, ఆయన దీన్ని 1837లో అచ్చేశాడు, కానీ నిజమైన డేటా మీద పెట్టి చూపించి దీనికి పేరు తెచ్చింది బోర్ట్‌కీవిచ్ అనే ఆయన, 1898లో. ప్రష్యా (పాత జర్మన్ రాజ్యం) సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్క అది. నా దగ్గరికి వచ్చే ప్రతి స్టాటిస్టిక్స్ విద్యార్థితోనూ ఈ లెక్క చేతితో చేయిస్తాను. 10 దళాలు, 20 ఏళ్ళు, ఒక్కో దళానికి ఒక్కో ఏడాది ఒక వరస, అంటే 200 వరసలు. ఒక్క మరణం కూడా లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండున్నవి 22, మూడున్నవి 3, నాలుగున్నది 1. మొత్తం మరణాలు 122, సగటు 0.61. ఇప్పుడు సగటు 0.61 అన్న ఒక్క అంకె పట్టుకొని పాయిజాన్ ప్రకారం ఎన్ని రావాలో లెక్కేస్తే 108.7, 66.3, 20.2, 4.1, 0.6 వస్తాయి. పక్కపక్కన పెట్టి చూడు! ఎవరిని ఏ గుర్రం ఎప్పుడు తంతుందో ఎవరూ చెప్పలేరు, అయినా మొత్తం మీద లెక్క ఇంత దగ్గరగా వస్తుంది. ఆ డేటా వేరియన్స్ కూడా కట్టు, 0.608 వస్తుంది. సగటూ వేరియన్సూ ఒకటే కావడం పాయిజాన్ లక్షణం అని నువ్వు ఎన్నిసార్లు రాసుంటావో, ఒక్కసారి ఇలా నీ చేత్తో రాబట్టి చూస్తే మళ్ళీ మర్చిపోవు.

ఈ లక్షణం పరీక్షలో ఒక మార్కు, ఉద్యోగంలో మాత్రం దాదాపు రోజువారీ పనిముట్టు. లెక్కించిన సంఖ్యల డేటా ఏది చేతికొచ్చినా నేను ముందు వేరియన్స్‌ని సగటుతో భాగిస్తాను. 1 దగ్గర వస్తే పాయిజాన్, తక్కువైతే బైనామియల్ లాంటిది, బాగా ఎక్కువైతే ఏదో దాగి ఉంది. ఇన్సూరెన్స్ క్లెయిములే తీసుకో, ఒక్కో డ్రైవర్ ఏడాదికి ఎన్ని క్లెయిములు పెట్టాడో చూస్తే వేరియన్స్ సగటుని మించుతుంది, ఎందుకంటే అందరూ ఒకే రకం డ్రైవర్లు కారు, జాగ్రత్తగా నడిపేవాడి రేటు వేరు, దూకుడుగా నడిపేవాడి రేటు వేరు, ఇద్దరినీ కలిపేస్తే డేటా చెదురుతుంది. అక్కడ పాయిజాన్ పెట్టి ప్రీమియం నిర్ణయిస్తే లెక్క దారుణంగా తప్పుతుంది. ఆ రేట్లు గామా డిస్ట్రిబ్యూషన్ (ఎప్పుడూ సున్నాకి పైనే ఉండే విలువలకి వాడేది) ప్రకారం మారుతున్నాయి అనుకుంటే నెగటివ్ బైనామియల్ దానంతటదే బయటికొస్తుంది, అంటే పైన "ఐదు గెలుపుల దాకా" అని చెప్పుకున్నదే వేరే దారిలో మళ్ళీ ఎదురైంది. జన్యువుల డేటా మీద పనిచేసేవాళ్ళు కూడా ఇదే కారణంతో ఇదే వాడతారు.

ఇక నీ అసలు ప్రశ్న, ఏం చేయాలి అని. సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యి, కానీ దీన్ని వదిలేసి కాదు, దీనితోపాటు. కోడ్ రాసేవాళ్ళకి కొదవ లేదు. వెయ్యి మందిలో నిన్న 20 మంది కొన్నారు, ఇవాళ 26 మంది కొన్నారు అని మేనేజర్ సంబరపడుతుంటే "ఆగండి, స్టాండర్డ్ డీవియేషనే 4.4 ఉంది, 20కి అటూ ఇటూ దానికి రెండు రెట్లు, అంటే 11 నుంచి 29 దాకా ఏది వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు" అని చెప్పగలిగేవాళ్ళు తక్కువ. ఆ మాట నువ్వు చెప్పగలవు, వెయ్యిని 0.02తోనూ 0.98తోనూ గుణించి వర్గమూలం తీయడమే కదా.

నాన్నగారి మాట కొట్టిపారేయకు. యాక్చువరీ మొదటి దశ పరీక్షల్లో ఇవన్నీ ఉంటాయి, నీకు సగం పని అయిపోయినట్టే. కానీ అది ఏళ్ళ తరబడి, ఉద్యోగం చేస్తూనే, ఒక్కో పేపరూ రాసుకుంటూ పోయే దారి, ఫెయిలైతే మళ్ళీ కూర్చొని రాసే ఓపిక ఉండాలి. ఒక్క పేపర్‌కి ఫీజు కట్టి చూడు. క్లెయిములు, రిస్క్ అన్న మాటలు చదువుతుంటే ఆసక్తి కలిగితే కొనసాగించు, ఆవులింతలు వస్తే ఆయనకి ఆ మాటే చెప్పు, ఒక పేపర్ రాసి చెప్పినదానికీ రాయకుండా చెప్పినదానికీ ఆయన దగ్గర విలువ వేరుగా ఉంటుంది. వెబ్‌సైట్లు, యాప్‌ల అనలిటిక్స్‌లో బెర్నూలీ, బైనామియల్ ఎక్కువ. ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగాల్లో హైపర్‌జామెట్రిక్ తగులుతుంది. కాల్ సెంటర్లు, ఆస్పత్రులు, సర్వర్ల సామర్థ్యం లెక్కగట్టే చోట్ల పాయిజాన్ లేకుండా పూట గడవదు. టెలిఫోన్ కాల్స్ పాయిజాన్ ప్రకారం వస్తాయని డెన్మార్క్‌కి చెందిన ఎర్లాంగ్ 1909లోనే చూపించాడు, ఆ రంగమంతా అక్కణ్ణుంచి పెరిగిందే.

వచ్చే నెల రోజులు కొత్త ఫార్ములా ఒక్కటి కూడా చదవకు. రోజుకో సందర్భం నువ్వే కల్పించుకో, పేరు చెప్పకుండా మాటల్లో రాయి, మర్నాడు దాన్ని కొత్తవాళ్ళలా చదివి ఏది ఖాయం, ఏది మారుతోంది అని తేల్చు, తర్వాత కంప్యూటర్‌లో 10,000 సార్లు ఆడించి సగటు, వేరియన్స్ నీ ఫార్ములాతో సరిపోయాయో లేదో చూడు. మొదటి వారం చిరాకేస్తుంది, టెన్షన్ పడకు. సరిపోని రోజు దొరికితే అదృష్టం, ఆ రోజు ఎక్కువ నేర్చుకుంటావు.

తర్వాతి ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వస్తే జవాబుకి ముందు నువ్వొక ప్రశ్న అడుగు: "ఆ 50 మందీ ఎవరికి వాళ్ళు విడివిడిగా వచ్చారా, లేక ఒకే ప్రకటన చూసి ఒకేసారి వచ్చారా?" ఒకేసారి వచ్చుంటే ఒకరి నిర్ణయానికీ ఇంకొకరి నిర్ణయానికీ సంబంధం ఉండొచ్చు, అప్పుడు 0.98ని 50 సార్లు గుణించే హక్కే మనకి లేదు. నేను ఇంటర్వ్యూ చేసే రోజుల్లో ఈ ప్రశ్న తిరిగి అడిగినవాళ్ళకి మిగతా లెక్క తప్పినా మార్కులు వేసేసేదాన్ని.