నలుగురు ఫాదర్లు, నాలుగు రూముల్లో నాలుగు కంచాలు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మాది వ్రతాలు (సన్యాస ప్రమాణాలు) లేని మిషనరీ సొసైటీ. ఏడాది క్రితం ఖమ్మం వైపు మా ఫాదర్లుండే ఒక హౌస్‌కి నన్ను సుపీరియర్‌గా, అంటే బాధ్యుడిగా వేశారు. మేం నలుగురం. పెద్ద ఫాదర్‌కి 67, సెమినరీలో (ఫాదర్ అవ్వడానికి చదివే చోటు) నాకు రెక్టర్‌గా, అంటే అక్కడి పెద్దగా చేశారు, నేనేం చెప్పినా "సరే సుపీరియర్ గారూ" అని నవ్వేసి తనకి నచ్చిందే చేస్తారు. హాస్టల్ చూసే ఫాదర్‌ని లెక్కలు అడిగితే "నా మీద నమ్మకం లేదా" అంటాడు. చిన్న ఫాదర్ ఎప్పుడూ ఫోన్లోనే. రాత్రి ఎవరి కంచం వాళ్ళు రూముకి పట్టుకెళ్ళిపోతారు. నేను టైంటేబుల్ రాసి నోటీస్ బోర్డులో పెట్టా, రెండు వారాలు నడిచి ఆగిపోయింది. మా పై అధికారి ప్రొవిన్షియల్‌కి రాజీనామా రాసి పెట్టుకున్నా, పంపెయ్యనా?

జవాబు:

ఇప్పుడే పంపొద్దు ఫాదర్. నేను మీలాంటి మఠవాసుల సభలో మనిషిని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని, కాబట్టి నా పోలిక కూడా వంటింటిదే, ఏమీ అనుకోకండి. తాళాల గుత్తి కొత్త కోడలి చేతికొచ్చింది గానీ ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇంకా అత్తకే తెలుసు, మీ హౌస్‌లో జరుగుతున్నది అదే.

మీ లెటర్ రెండుసార్లు చదివా. వాళ్ళు ముగ్గురూ ఏం చేస్తారో రాశారు, మీరేం చెప్పారో రాశారు, "ఫలానా రోజు నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం" అని ఒక్క ముక్క కూడా లేదు. టైంటేబుల్ బోర్డుకి ఎక్కేముందు ఎవర్నైనా అడిగారా? అడక్కుండా పెట్టింది ఎవరికైనా వార్డెన్ నోటీసులాగే కనపడుతుంది, అందులోనూ ఒకప్పుడు మీకే టైంటేబుల్ వేసిన మనిషికి. కానన్ లా, అంటే చర్చి చట్టం, 618వ నిబంధన నాకంటే మీకే బాగా తెలుసు, సుపీరియర్ ముందు మనస్ఫూర్తిగా వినాలి, విన్నాక చివరి నిర్ణయం తనదే. పునీత బెనెడిక్ట్ తన నియమావళిలో పెద్ద విషయం వస్తే అందర్నీ పిలవమన్నాడు, మంచి సలహా చాలాసార్లు చిన్నవాళ్ళ నోటే వస్తుందన్నాడు. మీ దగ్గర అది తిరగబడింది, చిన్నవారే కుర్చీలో ఉన్నారు, సలహా పెద్దాయన దగ్గర ఉండిపోయింది.

కాబట్టి ముందు ఆయన రూముకే వెళ్ళండి. పొగడటానికి కాదు, మీకు నిజంగా తెలియని విషయం అడగటానికి, ఏ సబ్‌స్టేషన్‌లో (మీ పారిష్ కింద ఉండే ఊళ్ళో) ఎవరికి ఎవరితో పడదు, ఏ ఉపదేశి (ఊళ్ళో మత బోధన చేసే మనిషి) మాట ఊళ్ళో చెల్లుతుంది, ఇలాంటివి. అదే కూర్చోవడంలో ఇంకో మాట కూడా అనండి, "ఫాదర్, నచ్చకపోతే నచ్చలేదని నా మొహం మీదే చెప్పండి, సరే అని చెయ్యకపోతే ఆ ఇద్దరి ముందు నేను నిలబడలేను" అని. కష్టమే, ఆయన ముందు మీరింకా సెమినేరియన్ లాగే ఫీలవుతారు, అయినా అనాలి.

లెక్కల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. అవి హాస్టల్ పిల్లల అన్నం డబ్బులు, ఎవరో కష్టపడి ఇచ్చినవి. లెక్క చూపించడం నమ్మకానికి సంబంధించింది కాదు, బర్సర్ (డబ్బు లెక్కలు చూసేవారు) లాంటి బాధ్యతలో ఉన్నవాళ్ళు లెక్క అప్పజెప్పాలని అదే చట్టం 636లోనే ఉంది. కానీ ఆయన ఒక్కడినే నిలబెట్టి అడిగితే దొంగని చేసినట్టుంటుంది. నెల మొదట్లో నలుగురూ టేబుల్ దగ్గర కూర్చోండి, మొదటి పుస్తకం మీది పెట్టండి, మీ బండి పెట్రోలుతో సహా. అయినా చూపించకపోతే ప్రొవిన్షియల్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి, అప్పుడు దాచిపెట్టడం మీ తప్పవుతుంది. పక్క హౌస్ ఫాదర్ చెవిలో మాత్రం వెయ్యకండి.

చిన్నాయన ఫోన్ సంగతి వదిలెయ్యండి కొన్నాళ్ళు. మనసులోది విప్పమని సుపీరియర్ ఒత్తిడి చెయ్యకూడదని 630 చెప్తోంది, అది మంచి రూలు. ఇంట్లో అమ్మకి బాగోలేదేమో, ఒంటరితనమేమో, మనకేం తెలుసు. సాయంత్రం పూజకి వెళ్ళేటప్పుడు బండి వెనక ఎక్కించుకోండి, దారిలో ఆయనే చెప్తాడు, చెప్పకపోయినా పర్లేదు.

ఇక భోజనం. ఒకసారి ఒక ఫాదర్ల హౌస్‌లో సెషన్ ఇవ్వడానికి వెళ్ళా, నీళ్ళ కోసం ఫ్రిజ్ తీస్తే మూడు పెరుగు డబ్బాలు, ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి పెన్నుతో ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నారు, టేబుల్ చుట్టూ కుర్చీల్లో ఒకదాని మీద పాత పేపర్లు, ఇంకోదాని మీద ఇస్త్రీ బట్టలు. అక్కడ పొద్దున ప్రార్థన టైముకి తప్పకుండా జరిగేది! పారిష్ నడపడం ఎలాగో నేర్పిస్తారు గానీ ఒకే గిన్నెలో పెరుగు నలుగురు పంచుకోవడం ఎలాగో నేర్పినట్టు లేదు. మీలాంటి సొసైటీ అంటేనే వ్రతాలు లేకుండా మిషన్ పని కోసం అన్నదమ్ముల్లా కలిసి బతకడం అని 731లో ఉంది కదా, అంటే ఆ టేబుల్ కూడా మీ పనిలో భాగమే. రూల్ పెట్టకండి మళ్ళీ, ఇప్పటికే ఒకటి ఫెయిలైంది. ఆదివారం రాత్రి ఒక్కటే అనుకోండి, వంటామెకి చెప్పి పెద్దాయనకి ఇష్టమైన కూర చేయించండి, ఎవరూ రాకపోయినా మీరు మీ కంచం పట్టుకుని అక్కడే కూర్చోండి (మీరూ రూముకే పట్టుకెళ్తున్నారని నా అనుమానం, లెటర్‌లో ఆ సంగతి రాయలేదు).

ప్రొవిన్షియల్ ఈసారి హౌస్ చూడ్డానికి విజిటేషన్‌కి వచ్చినప్పుడు ఇదంతా ఎదురుగా కూర్చుని చెప్పండి, అప్పటికీ చెయ్యలేననిపిస్తే ఆ లెటర్ ఆయన చేతికే ఇవ్వండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. లెక్కల విషయం ఏమైందో మాత్రం నాకు రాయండి, మిగతా వాటికంటే దాని గురించే నాకు భయంగా ఉంది.