ముందు పైకప్పు, తర్వాతే పెయింటు

ప్రశ్న: అక్కా, నమస్కారం. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 1994 నాటి ఫోర్డ్ ఈ-350 వ్యాన్ మీద కట్టిన 24 అడుగుల క్లాస్ సీ మోటర్‌హోమ్‌ని, అంటే చక్రాల మీద ఇల్లుని, 6,500 డాలర్లకి కొన్నాం. ఇంజిన్ బాగానే ఉంది. వచ్చే వేసవిలో అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు, వాళ్లని అందులో ఎల్లోస్టోన్ తీసుకెళ్లాలని మా ఆశ. లోపల కప్‌బోర్డులన్నీ పీకేసి తెల్ల పెయింటు వేయాలని, కొత్త ఫ్లోరింగ్, సోలార్, లిథియం బ్యాటరీ, ఇండక్షన్ స్టవ్ పెట్టాలని ప్లాన్. డ్రైవర్ తల మీదుండే మంచం దగ్గర కొంచెం ముక్కిన వాసన వస్తోంది. పెయింటు వేస్తే పోతుందా? ఇలాంటి పని మాకు ఇదే మొదటిసారి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: తమ్ముడూ, అసలు సంగతి ఉత్తరం చివర్లో రాశావు. ఆ ముక్కిన వాసన పెయింటుతో పోదు. పెయింటు డబ్బా అలా పక్కన పెట్టి, ముందు ఆ వాసన ఎక్కణ్ణించి వస్తోందో చూడు. పాత మోటర్‌హోముల ప్రాణం తీసేది ఇంజిన్ కాదు, నీళ్లు.

ఆ కాలం బండ్లలో చాలావాటికి గోడల్లో ఉండేది సన్నటి చెక్క ఫ్రేము. దానికి లోపలివైపు పల్చటి ప్లైవుడ్, బయట అల్యూమినియం రేకో ఫైబర్‌గ్లాసో ఉంటుంది. డ్రైవర్ మీదకి పొడుచుకొచ్చిన మంచం భాగానికి ఎదురుగాలీ, వానా, రోడ్డు కుదుపులూ అన్నీ తగులుతాయి. ముందు కిటికీ అంచు, మూలల్లో పట్టీలు, పైన వరసగా ఉండే చిన్న లైట్లు, వీటికి కొట్టిన ప్రతి స్క్రూ రంధ్రమూ నీటికి దారే. లోపలి వాల్‌పేపర్ మాత్రం శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది, అందుకే కొనేటప్పుడు తెలియదు.

పరుపు తీసెయ్. మూలన ఉన్న చెక్క పట్టీ స్క్రూలు విప్పు. స్క్రూ తుప్పు పట్టి, ఎంత తిప్పినా పట్టు దొరక్కుండా ఊరికే తిరుగుతుంటే వెనక చెక్క పోయినట్టే. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు. మంచి చెక్కయితే మొన ఆగుతుంది. కుళ్లిందయితే నానిన అటుకుల్లో దిగినట్టు దిగుతుంది, లాగితే నల్లటి పీచు వస్తుంది. రెండు సూదులుండే తేమ మీటరు ఒకటి హార్డ్‌వేర్ షాపులో కొనుక్కో. కిటికీల చుట్టూ, పైకప్పు మూలల్లో, బాత్రూమ్ నేల దగ్గర గుచ్చి చూడు. చెక్కలో 20 శాతం దాటి చూపించిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు ముక్క అంటించు. ఆ టేపులే నీ పనికి మ్యాపు. బూజు పట్టిన ప్యానెల్ ఊడదీసేటప్పుడు ఎన్-95 మాస్క్ పెట్టుకో, చిన్నపిల్లల్ని దగ్గరికి రానీకు.

ఇక పైకప్పు. మా బండికి ఆ పనంతా నేనే చేశాను, ధైర్యంగా చెప్తున్నాను, నువ్వూ చేసుకోగలవు. నీ బండికి తెల్లటి రబ్బరు పొర ఉంటే అది చాలావరకు ఈపీడీఎం అయ్యుంటుంది. దాని మీద పెట్రోలు జాతి సాల్వెంట్లు వాడకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ అసలు ముట్టుకోకు. అది ఈపీడీఎంకి సరిగ్గా అంటదు, పైగా అది పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటదు. బరువంతా ఒకేచోట పడకుండా ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద మోకాళ్లు ఆనించు. గాలి గొట్టాల చుట్టూ పగిలిన పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ గీకుడు బద్దతో తియ్యి. ఫ్యాన్ ఫ్రేముని పైకెత్తి, కింద పాత జిగురు తుడిచేసి, కొత్త బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు పట్టీ) వేసి మళ్లీ బిగించు. స్క్రూ తలల మీదా అంచుల మీదా రబ్బరు కప్పులకి పనికొచ్చే ల్యాప్ సీలెంట్ (సందులు మూసే మందు) పూయి. దానంతటదే పరుచుకునే రకం తీసుకో, నిలువు అంచులకి మాత్రం జారని రకం కావాలి.

ఆరాక పరీక్ష. మా ఆయన లోపల టార్చిలైటుతో కూర్చునేవారు, నేను బయట గార్డెన్ పైపుతో కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తడుపుతూ వచ్చేదాన్ని. కింద నుంచే ఎందుకంటే, పైనుంచి పోస్తే నీళ్లు అన్నిటి మీదుగా జారి ఏ సందులోంచి దిగాయో తెలియదు. ఆయన కేకేసిన చోట చాక్‌పీసుతో గుర్తు. ఈ పరీక్ష నెగ్గేదాకా లోపల ఒక్క మేకు కూడా కొట్టొద్దు.

కప్‌బోర్డులన్నీ పీకేస్తానన్నావు. వద్దు. ఇలాంటి బండ్లలో చాలాచోట్ల ఆ పెట్టెలే గోడనీ పైకప్పునీ పట్టి ఉంచుతాయి. తలుపులు మార్చుకో, పెట్టెలు ఉండనీ.

తర్వాత అమ్మానాన్నల ప్రాణాలకి సంబంధించినవి. టైర్ల గాట్లు చూసి మోసపోకు. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారంలో తయారైందని. పదేళ్లు దాటినవి ఎంత కొత్తగా కనిపించినా తీసెయ్. వెనక జంట చక్రాల లోపలి టైర్ల తేదీ కూడా వంగి చూడు. కూర్చునే సీటు బెల్టుల బోల్టులు కింద ఇనుముకి బిగించి ఉన్నాయా, ఒట్టి ప్లైవుడ్‌కేనా? ప్లైవుడ్‌కే అయితే అక్కడ ఎవరినీ కూర్చోబెట్టకు. దారిలో అమ్మగారు లేచి కాఫీ కలుపుతానంటే ఒప్పుకోకు.

గ్యాస్ లైనుకి సబ్బు నీళ్లు పూసి బుడగలు చూడటం నువ్వు చెయ్యొచ్చు. ప్రెషర్ పరీక్ష మాత్రం తెలిసిన టెక్నీషియన్‌తో చేయించు. గ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెంటికీ వెనక గడువు రాసి ఉంటుంది, దాటితే కొత్తవి పెట్టు. గ్యాస్‌తో నడిచే పాత ఫ్రిజ్ వెనక పసుపు రంగు పొడి కనిపించినా, అమ్మోనియా వాసన వచ్చినా దాన్ని ఇక వెలిగించొద్దు. నీళ్ల పైపులు బూడిద రంగులో ఉండి పీబీ 2110 అని రాసుంటే అవి పాలీబ్యూటిలీన్ అనే పాత రకం ప్లాస్టిక్. మొత్తం పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులకి మార్చెయ్.

కరెంటు దగ్గర ఒక్క హెచ్చరిక. ఇంటి దగ్గర మోటర్‌హోమ్ కోసం 30 ఆంప్ సాకెట్ పెట్టించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కి ‘120 వోల్టులు’ అని కాగితం మీద రాసివ్వు. బట్టల డ్రయ్యర్‌కి ఇచ్చినట్టు 240 ఇచ్చేస్తే లోపలి సామాన్లు కాలిపోతాయి. ఇలా చాలామందికి జరిగింది. ప్లగ్ పెట్టేముందు నువ్వే మీటరుతో చూసుకో.

లిథియం మంచిదే. కానీ 1994 నాటి కన్వర్టర్‌తో (బండిలో బ్యాటరీని ఛార్జ్ చేసే పెట్టె) దాన్ని ఛార్జ్ చెయ్యకు, లిథియంకి సరిపడే ఛార్జర్ కొను. ఇంజిన్ నుంచి ఛార్జింగ్‌కి మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలోనే ఉండాలి. గడ్డకట్టే చలిలో ఈ బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. ఎల్లోస్టోన్‌లో వేసవి రాత్రుళ్లు కూడా సున్నా డిగ్రీల సెల్సియస్‌కి దిగే అవకాశం ఉంది, కాబట్టి బ్యాటరీని లోపల సీటు కిందే అమర్చు.

ఇండక్షన్ సంగతి లెక్క వేసుకుందాం. 12.8 వోల్టుల 100 ఆంప్-అవర్ బ్యాటరీ అంటే 1,280 వాట్-అవర్లు. 1,500 వాట్ల స్టవ్ మీద ముప్పావుగంట వంటకే అయిపోతుంది. పప్పు, కూర, అన్నం, పొద్దున టిఫిన్ దాని మీద కుదరవు. పాత గ్యాస్ స్టవ్‌నే శుభ్రం చేసి ఉంచుకో, కుక్కర్‌తో గ్యాస్ చాలా ఆదా అవుతుంది. ఆ డబ్బుతో పైన 14 అంగుళాల ఫ్యాన్ మంచిది పెట్టు. తాలింపు ఘాటు ఆ చిన్న గదిలో నిలిచిపోతే మీ నాన్నగారికి దగ్గు ఆగదు.

బరువు మర్చిపోవద్దు. గ్యాలన్ నీళ్లే 8.3 పౌండ్లు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద గరిష్ఠ బరువు ఉంటుంది. మనుషులు, నీళ్లు, బియ్యం బస్తాతో సహా ఎక్కించి, ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూయించు. టైల్సు, గ్రానైట్ లాంటివి వద్దనేది అందుకే.

పెద్దవాళ్లని పైమంచం ఎక్కించకు, అక్కడ పిల్లలు పడుకుంటారు. మెట్టు దగ్గరా టాయిలెట్ దగ్గరా చేతిపట్టీలు పెట్టు, ఫ్రేము చెక్క ఎక్కడుందో చూసి దానికే బిగించు. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉండేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్‌లోనే. గ్రిజ్లీ ఎలుగుల వల్ల అక్కడ గుడారాలకి అనుమతి లేదు, నీ బండికి ఇబ్బంది లేదు. చోటు ముందే బుక్ చెయ్. దానికన్నా ముందు టెక్సోమా చెరువు దగ్గర ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్‌లో మీరిద్దరే రెండు రాత్రులు ఉండి రండి. ఆ వారం వాన పడితే మరీ మంచిది.

ప్రశ్న: హైదరాబాద్‌లో పాత టెంపో ట్రావెలర్ కొని ఇలాగే ఇల్లులా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: లోపల మడత మంచం, విప్పి తీసే పెట్టెలు వేసుకోవడం వేరు, బండి శరీరాన్నే మార్చడం వేరు అమ్మా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సీట్లు తీసేసినా, పైకప్పు ఎత్తు పెంచినా ఆర్సీతో తేడా వస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కే. అందుకని మీరు గీసుకున్న బొమ్మతో ముందు ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లండి. ఏవి కుదురుతాయో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బండికి అడ్వాన్సు ఇవ్వండి.