సీలు విప్పని 61 లెగో పెట్టెలు ఆస్తి కిందికి వస్తాయా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. భార్య, ఒక పాప. ఎనిమిదేళ్లుగా లెగో సెట్లు, అంటే ప్లాస్టిక్ ముక్కలు బిగించి బొమ్మలు కట్టే పెట్టెలు, కొంటున్నాను. ఇప్పటికి 140 అయ్యాయి, వాటిలో 61 సీలు కూడా విప్పలేదు. నెలకు నాలుగు కొంటాను, రెండు కడతాను. చేతికొచ్చే జీతంలో నూటికి 18 వంతులు వీటికే పోతోంది. క్రెడిట్ కార్డు మీద రెండు నెలల జీతమంత బాకీ ఉంది. పొదుపు చూస్తే అర నెల జీతమంత కూడా లేదు. తయారీ ఆగిపోయాక వీటి ధర పెరుగుతుంది కదా, ఇది పెట్టుబడే అంటాను నేను. పిచ్చి అంటుంది మా ఆవిడ. (ఈమధ్య పార్సిళ్లు ఆఫీసుకే తెప్పించుకుంటున్నాను.) ఎవరి మాట నిజం?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యాన్ని బ్రాకెట్లో పెట్టేశారు. దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు పెట్టుబడి సంగతి తేలాలి. మీ చేత కొనిపిస్తున్నది ఆ మాటే.

మీ వాదనలో పస లేకపోలేదు. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987 నుంచి 2015 వరకు సెట్ల రీసేల్ ధరలు పరిశీలించి, సగటు రాబడి ఏడాదికి కనీసం 11 శాతం ఉందని తేల్చారు. ఈ అంకె లెగో అభిమానులకు కంఠతా వచ్చు. అదే పరిశోధనలోని ఇంకో సంగతి మాత్రం ఎవరి నోటా వినపడదు. విడివిడిగా చూస్తే కొన్ని సెట్లు సగం విలువ పోగొట్టుకున్నాయి, కొన్ని ఆరింతల లాభమిచ్చాయి. మీ అలమారలో ఉన్నది సగటు కాదు, మీరు ఏరుకున్న 61 పెట్టెలు.

తాజ్‌మహల్ సెట్టునే తీసుకోండి. 10189 నంబరుతో 5,922 ముక్కలతో 2008లో వచ్చింది. అమ్మకం ఆగాక రీసేల్ ధర కొండెక్కి కూర్చుంది. 2017లో కంపెనీ దాదాపు అదే సెట్టును 10256 నంబరుతో మళ్లీ దించింది. ముక్కల లెక్కలో తేడా ఒకటే ఒకటి! పాతది దాచుకున్నవాళ్ల అంచనాలు తలకిందులయ్యాయి. అదే ఏడాది స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌక మిలీనియం ఫాల్కన్ 7,541 ముక్కలతో వచ్చి 2007 నాటి ఫాల్కన్ ధరనూ దించేసింది. మళ్లీ తయారు చేయబోమని ఏ కంపెనీ మనకు రాసివ్వదు.

ధర పెరిగిందనే అనుకుందాం. 100కు కొన్న సెట్టు నాలుగేళ్ల తర్వాత 150కి పోయింది. అమ్మే సైటు కమీషన్, పేమెంటు చార్జీ కలిపి 12 శాతం వేసుకుంటే 18 పోయింది. ఇంత పెద్ద పెట్టెను పంపే ఖర్చు మరో 12, పైన వేసే అట్టపెట్టె, బబుల్ షీటుకు 2. చేతికి మిగిలేది 118. అంటే ఏడాదికి నాలుగు శాతం చిల్లర. ఇక ఆ 100 కార్డు మీద పెట్టి, వడ్డీ 24 శాతం పడుతూ బాకీ అలాగే ఉంటే నాలుగేళ్లకు అది 236. ఇందులో మీరు ఇన్వెస్టర్ కాదు, కార్డు కంపెనీ ఇన్వెస్టర్.

నా దృష్టిలో సేకరణకూ వ్యసనానికీ మధ్య గీత పెట్టెల సంఖ్యలో లేదు. 400 సెట్లున్నా ఫర్వాలేదనిపించేవాళ్లుంటారు, 30కే ఇల్లు గుల్ల చేసుకునేవాళ్లూ ఉంటారు. సేకరించేవాళ్లకు తాము ఏం కొనరో తెలుసు: కోటలు మాత్రమే, రైళ్లు మాత్రమే, 1990ల స్పేస్ సెట్లు మాత్రమే. మీ 140లో అలాంటి దారం ఏదైనా ఉందా, చూసుకోండి. ఇక పెట్టుబడి అన్నారు గనుక ఇంకో పరీక్ష: అమ్మగలరా? అమ్మడానికి చెయ్యి రానిది పెట్టుబడి లెక్కలోకి రాదు, ఖర్చు లెక్కలోకే వస్తుంది. ఖర్చు తప్పేం కాదు, దాని పేరు మార్చడమే తప్పు.

ఈ వారం ఒక షీటు తెరవండి. ఒక్కో పెట్టెకు ఒక వరస: సెట్ నంబరు, కొన్న తేదీ, కట్టిన డబ్బు, పెట్టె పరిస్థితి, తయారీ ఆగిందా లేదా, చివరగా "కట్టడానికి" లేదా "అమ్మడానికి". రెండూ అని రాయకూడదు. విలువ గడిలో అమ్మేవాళ్లు అడుగుతున్న ధర వేస్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. లెగో సెట్లు అమ్మి కొనే సైటు బ్రిక్‌లింక్‌లో గత ఆరు నెలల్లో నిజంగా అమ్ముడైన ధరలు కనిపిస్తాయి, వాటి సగటు వేసి అందులోంచి నాలుగో వంతు కొట్టేయండి.

రిటర్న్ గడువు ఉన్నవి ముందు షాపుకు వెనక్కి పంపండి. దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నవి ఇప్పుడు అమ్మితే నష్టమే, అవి "కట్టడానికి" వరసలోకి పోతాయి. తయారీ ఆగినవి, వేరే సెట్లో రాని మినీఫిగర్లు, అంటే చిన్న మనిషి బొమ్మలు, ఉన్నవి తొందరగా పోతాయి. విడివిడిగా అమ్మండి. మొత్తం లాటుగా కొనేవాళ్లు తాము తిరిగి అమ్ముకునే లాభం ముందే కోసుకుని ధర చెబుతారు. సీలు విప్పి ముక్కలు ముక్కలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని చెబుతారు గానీ, వేల ముక్కలు రంగుల వారీగా ఏరి, కవర్లలో వేసి, నెలల తరబడి చిన్న చిన్న ఆర్డర్లు పంపడం ఇంకో ఉద్యోగం. మీకున్న ఉద్యోగం చాలు.

అమ్మేటప్పుడు మీ పెట్టెలే నిజం చెబుతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినవాటిలో అడుగు పెట్టె మూలలు నలిగి, అంచున తెల్లటి గీత పడి ఉంటుంది. సేకరించేవాడు మొట్టమొదట చూసేది ఆ మూలే. ధర అక్కడే తెగుతుంది. మిగిలినవాటిని పుస్తకాల్లా నిలబెట్టండి, ఎండా తేమా తగలనివ్వకండి. కట్టినవాటికి ఎండ మరీ చేటు, ముక్కల్లోని ఏబీఎస్ అనే ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. ఇంటి బీమా వీటికి వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూడండి. చాలా పాలసీల్లో సేకరణ వస్తువులకు పరిమితి ఉంటుంది.

అమ్మిన ప్రతి పైసా కార్డుకు. ఇప్పుడు సెట్లకు పోతున్న 18 వంతులూ కార్డుకే. ఒక్క పెట్టె అమ్ముడుపోకపోయినా, కార్డు మీద కొత్త ఖర్చు లేకుంటే వడ్డీతో సహా బాకీ 13, 14 నెలల్లో తీరుతుంది. అప్పటిదాకా కొత్త సెట్టు ఒక్కటీ వద్దు. ఇది శిక్షేం కాదు: నెలకు రెండు కట్టే వేగంతో ఉన్న 61 పెట్టెలు రెండున్నరేళ్లు వస్తాయి. బాకీ తీరాక 13 వంతులు అత్యవసర నిధికి, 5 వంతులు సెట్లకు. ఆ 5 వేరే ఖాతాలో వేసి, సైట్లలో దాచిన కార్డు వివరాలు తీసేయండి. నచ్చింది ముందు ఒక లిస్టులోకి వెళ్లాలి, 30 రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనండి. సెట్లు మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు అమ్మకంలో ఉంటాయి. 2017 నాటి ఫాల్కన్ అయితే అంతకు ఎన్నో ఏళ్లు ఎక్కువే ఉంది. నెల ఆగితే పోయేదేమీ లేదు. ఇంత కొంటే చిన్న సెట్టు ఉచితం అనే ఆఫర్లకు లొంగకండి. ఆ ఉచితం కోసమే అక్కర్లేని మూడోది బుట్టలో పడుతుంది.

ఇక ఆ బ్రాకెట్టు. ఆఫీసుకు పార్సిల్ తెప్పించుకున్నారంటే ఇంట్లో చెప్పలేనంతగా పెరిగిందని మీకు ముందే తెలుసు. ధర తగ్గించి చెప్పడం, మానేద్దామని రెండు మూడుసార్లు అనుకుని మానలేకపోవడం, మనసు బాగాలేనప్పుడల్లా కొనడం, పెట్టె అందగానే ఉత్సాహం చచ్చిపోవడం కూడా ఉంటే అది నా షీటుకు లొంగే సంగతి కాదు. సైకాలజిస్టును కలవండి, ఆ ఫీజు ఆ 18 వంతుల్లోంచే తీయండి.

షీటు మీరొక్కరే నింపకండి. పెట్టెలు కిందికి దించేటప్పుడు నంబర్లు మీరు చదవండి, మీ ఆవిడ టైపు చేస్తారు. ఆఫీసు డెస్కు కింద ఉన్నవి కూడా ఆ రోజే ఇంటికి తీసుకురండి.