హనుమకొండలో మాండరిన్ చేపను పెంచొచ్చా?

ఉప్పునీటి ట్యాంకు పెట్టి నెలే అయింది, మాండరిన్ చేపను వేయొచ్చా అని అడిగారు. ఇప్పుడైతే వద్దండి. అడ్డం నీళ్లు కాదు, తిండి.

నీళ్లకు మన దగ్గర దారి ఉంది. బోరు, నల్లా నీళ్లు వద్దు. ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా మెరైన్ సాల్ట్ కలపండి. ఎండాకాలమంతా మా ట్యాంకు మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఆవిరైనంత మేరకు ఉప్పు కలపని నీళ్లే పోస్తాను, ఉప్పు ఎలాగూ లోపలే ఉంటుంది కదా. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు. డబ్బు పెడితే ఇదంతా అయిపోతుంది.

తిండి సంగతి అలా కాదు. ఈ చేపది పశ్చిమ పసిఫిక్. జపాన్ ర్యుక్యు దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా, పగడపు దిబ్బల వెనకుండే, అలల తాకిడి లేని నీటి మడుగుల్లో (లగూన్లలో), విరిగిన పగడాల మధ్య తిరుగుతుంది. నిండా పెరిగినా వేలెడంతే. చాలా చేపల్లో నీలం వెలుతురు చేసే మాయ. దీనికి మాత్రం కణాల్లోనే నీలి వర్ణకం ఉంటుంది, చాలా అరుదైన విషయమిది. పొలుసులుండవు, ఒంటి నిండా కంపు కొట్టే జిగురు. దాన్ని తినబోయే చేపలకు అదే హెచ్చరిక. కాబట్టి తొందర లేకుండా, మేకలాగా పగలంతా మేస్తుంది. మేత ఏమిటంటే రాళ్లకు పట్టుకుని ఉండే కోపీపాడ్లు, రొయ్య చుట్టాలైన చిన్న చిన్న జీవులు.

మా ట్యాంకులో రాళ్లు ఏడాదికి పైగా పాతబడి, వాటి మీద కోపీపాడ్లు బాగా పెరిగాకే దీన్ని తెచ్చాను. లైటు వేసింది మొదలు ఆర్పేదాకా రాళ్లను పొడుస్తూనే ఉంటుంది. మూతి ముందే మేత గుళిక పడినా ఒకసారి చూసి పక్కకు పోతుంది. కొత్త ట్యాంకులో ఉన్న కాసిని కోపీపాడ్లనూ ఊడ్చేసి, ఆ తర్వాత తిండి లేక మెల్లగా చిక్కిపోతుంది. రంగు తగ్గదు కాబట్టి మనకు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం.

షాపులో కొనేటప్పుడు రంగు కాదు, పొట్ట చూడండి. లోపలికి పీక్కుపోయి ఉంటే వదిలేయండి. ట్యాంకుల్లోనే పుట్టించినవి దొరికితే మేలు, వాటిలో చాలావాటికి ఫ్రోజెన్ తిండి అలవాటై ఉంటుంది. మీ ముందే తినిపించమని అడగండి. రెండు మగవాటిని కలపొద్దు, కొట్టుకు చస్తాయి.

అప్పటిదాకా ట్యాంకులో పుట్టిన క్లౌన్ చేపలు పెంచుకోండి. గుళికలు హాయిగా తింటాయి, సముద్రంలో అవి ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే జీవి కూడా తప్పనిసరి కాదు. అప్పుడప్పుడు రాత్రి లైట్లు ఆర్పిన గంట తర్వాత అద్దం మీద టార్చి వేసి చూడండి. ఎక్కడ చూసినా తెల్లటి చుక్కల్లా కోపీపాడ్లు గబగబా కదులుతున్నాయంటే మాండరిన్ మాట మళ్లీ ఎత్తొచ్చు.