ఇలోరిన్ కోట ఎందుకు కూలింది?

ప్ర: నైజీరియా సెనేట్ మన రాజ్యసభ లాంటిదేనా? గ్రూప్స్‌కి చదువుతున్నాను.
– పాఠకురాలు, బొబ్బిలి

జ: పెద్దల సభ అన్నంత వరకే పోలిక. రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఓటేస్తారు, సెనేటర్‌ని అక్కడి జనమే నేరుగా ఎన్నుకుంటారు. రాష్ట్రం చిన్నదైనా పెద్దదైనా ముగ్గురే. 36 రాష్ట్రాలకు 108 మంది, రాజధాని అబుజాకు ఒకరు, వెరసి 109. కనీస వయసు 35. నాలుగేళ్లకోసారి సభ మొత్తానికీ ఎన్నిక జరుగుతుంది, మూడో వంతు రిటైరయ్యే పద్ధతి లేదు.

ప్ర: ఇక్కడ ఎర్రన్నాయుడు గారి తర్వాత రామ్మోహన్ నాయుడు గారు వచ్చారు, విజయనగరంలో పీవీజీ రాజు గారి తర్వాత వారి కుమారులు. నైజీరియా సెనేట్ అధ్యక్షుడిగా చేసిన బుకోలా సరాకీది కూడా ఇదే దారా?
– పాఠకుడు, టెక్కలి

జ: మొదలు అదే. తండ్రి ఒలుసోలా సరాకీ వృత్తిరీత్యా డాక్టరు, 1979-83 మధ్య సెనేట్ నాయకుడు. ఇలోరిన్ రాజధానిగా ఉన్న క్వారా రాష్ట్రంలో గవర్నరు కావాలంటే ఆయన ఆశీస్సు ఉండాలన్నంత పలుకుబడి. బుకోలా లండన్‌లో వైద్యం చదివారు, బ్యాంకు డైరెక్టరుగా చేశారు, ఆపైన అధ్యక్షుడు ఒబసాంజో దగ్గర బడ్జెట్ వ్యవహారాలు చూశారు. 2003 నుంచి రెండు దఫాలు క్వారా గవర్నరు. ఆ ఎనిమిదేళ్లూ క్వారా సెంట్రల్ సెనేటరు ఆయన చెల్లెలు గ్బెమిసోలా.

చిక్కు 2011లో వచ్చింది. మూడోసారి గవర్నరుగా నిలబడే వీల్లేదు కాబట్టి బుకోలా చెల్లెలి సీటుకు మారారు. కూతుర్ని గవర్నరు చేయాలని తండ్రి వేరే పార్టీకి వెళ్లారు. కొడుకేమో తన ప్రభుత్వంలో పనిచేసిన అబ్దుల్‌ఫతా అహ్మద్‌ను నిలబెట్టి గెలిపించారు. మరుసటేడు నవంబరులో తండ్రి పోయారు.

2015 జూన్ 9 నాటి ఎత్తుగడను రాజకీయాలు తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సెనేట్ అధ్యక్ష పదవికి బుకోలా పార్టీ, అంటే అధికార పక్షం, అహ్మద్ లవాన్‌ని అనుకుంది. అధ్యక్షుడు బుహారీతో సమావేశమని చెబితే అధికార పక్ష సెనేటర్లు చాలామంది కాన్ఫరెన్స్ సెంటర్‌లో కూర్చున్నారు. ఇటు సభలో 57 మంది. కోరానికి మూడో వంతు, అంటే 37 మంది చాలు. పోటీ లేకుండా బుకోలా ఎన్నికైపోయారు, ఉపాధ్యక్షుడి పదవి ప్రతిపక్షానికి పోయింది. నిబంధన చదువుకున్నవాడు గెలిచాడనే అనాలి. కానీ సొంత పార్టీలో శత్రువులు పెరిగారు. గవర్నరుగా ఇచ్చిన ఆస్తుల ప్రకటనపై అదే ఏడు కేసు పడింది, 2018 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిచింది.

ఆ నెలాఖరునే పార్టీ మారారు. 2019లో క్వారాలో ‘ఓ టో గే’ అంటూ ఊరేగింపులు లేచాయి, ఇక చాలని దాని అర్థం. ఇలోరిన్‌లోని మూడు స్థానిక ప్రభుత్వ ప్రాంతాలు, ఆసా కలిపి క్వారా సెంట్రల్. ఆ నాలుగింటా ఓడిపోయారు: ఇబ్రహీం ఒలోరియెగ్బెకు 1,23,808 ఓట్లు, ఈయనకు 68,994. ఢిల్లీ, అబుజా లాంటి చోట ఎంత చక్రం తిప్పినా నియోజకవర్గంలో పట్టు సడలితే ఇంతే. ఎమ్మెల్యేలు ఎన్నుకునే సీటైతే బహుశా నెగ్గుకొచ్చేవారు.

ప్ర: పార్టీ మారితే సీటు పోదా? జనం మధ్యలో దించలేరా?
– పాఠకుడు, రాజాం

జ: రాజ్యాంగం 68వ సెక్షన్ ప్రకారం పోవాలి. పార్టీ చీలినా, విలీనమైనా పోదు, ఫిరాయించినవాళ్లంతా ఆ చీలికనే చూపిస్తారు. పైగా దాన్ని అమలు చేయాల్సింది సెనేట్ అధ్యక్షుడే. 2018లో ఆ కుర్చీలో ఉన్నది సరాకీయే!

రీకాల్‌కు 69వ సెక్షన్ ఉంది. నియోజకవర్గంలో నమోదైన ఓటర్లలో సగానికి మించి సంతకాలు చేయాలి, ఎన్నికల సంఘం వాటిని సరిచూడాలి, తర్వాత 90 రోజుల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సరిచూసే దశలోనే బెడిసికొడుతుంది. 2017లో కోగీ వెస్ట్ సెనేటర్ డినో మెలాయేపై 1,89,870 సంతకాలు ఇచ్చారు. 2018లో సంతకం పెట్టినవాళ్లను పోలింగ్ కేంద్రానికి రమ్మంటే ధ్రువపడినవి 18,742. ఆయన సీటు అలాగే నిలిచింది.